అరెకా పామూ – అమ్మ ఆయాసమూ

కిందటేడు అక్టోబరులో అమ్మ మా దగ్గర రెణ్ణెల్లు ఉండటానికి హైదరాబాదు వచ్చింది. అమ్మకి ఆయాసం పాతదే, చలి మొదలయ్యేసరికి కాస్త ఎక్కువవుతుంది. మా ఫ్లాటేమో మెయిన్ రోడ్డు పక్కన మూడో అంతస్తు. దుమ్ముకీ పొగకీ ఏ మాత్రం లోటు లేదు. సరిగ్గా ఆ వారమే మా టీము వాట్సాప్ గ్రూపులో ఓ ఫార్వర్డు చక్కర్లు కొట్టింది. "నాసా చెప్పిన, గాలిని శుభ్రం చేసే మొక్కలు" అని. అందులో మొట్టమొదటి పేరు అరెకా పామ్.

నాసా అన్నాక ఇంకేం ఆలోచిస్తాం చెప్పండి? శనివారం నర్సరీకి వెళ్ళి ఆరు కుండీలు ఆటోలో వేసుకొచ్చా. హాల్లో మూడు, అమ్మ గదిలో మూడు. బయటి దుమ్ము రాకుండా కిటికీలు మూసేశా. బయటి గాలి లోపలికి రాదు, లోపలి గాలిని మొక్కలు కడిగేస్తాయి. డిజైను అదిరిందనుకున్నా.

అమ్మ కోనసీమ మనిషి. కొబ్బరి తోటల్లో పుట్టి పెరిగింది. ఆ కుండీల్ని ఎగాదిగా చూసి, "ఏరా, కొబ్బరీ తాడీ జాతిని ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటార్రా? చెట్టు మనకి నీడ ఇవ్వాలి గానీ, మనం చెట్టుకి నీడ పట్టడమేంటి?" అంది. నేను నవ్వేసి "ఇది ఎయిర్ ప్యూరిఫయరమ్మా" అన్నాను.

మూడు వారాలు తిరిగేసరికి అమ్మ ఆయాసం తగ్గకపోగా పెరిగింది. రాత్రిళ్ళు లేచి కూర్చునేది. ఏం జరిగిందన్నది చివర్లో చెప్తాను. అమ్మ మళ్ళీ మామూలు మనిషయ్యాక, తను అడిగిన ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. అసలీ జాతి చెట్టు ఇంట్లోకి ఎలా వచ్చింది? ఎవరు తెచ్చారు? ఎందుకు తెచ్చారు? తవ్వుకుంటూ పోతే నేను చేసిన పొరపాటు రెండు వందల ఏళ్ళ కథకి చివరి పేజీలా కనిపించింది.

మనకి ఈ కుటుంబంతో చుట్టరికం కొత్తదేం కాదు. తాడి, ఈత, కొబ్బరి, పోక... అన్నీ ఆ కుటుంబమే. తాటాకుల మీద కావ్యాలు రాసుకున్నాం, ఇళ్ళు కప్పుకున్నాం, కల్లు గీశాం, పెళ్ళి పందిళ్ళకి కొబ్బరాకులు కట్టాం. కానీ ఎప్పుడూ చెట్టు గడప బయటే ఉంది. గడప లోపలికి వచ్చింది ఆకో, కాయో, చాపో. బతికున్న చెట్టుని కుండీలో పెట్టి సోఫా పక్కన నిలబెట్టుకునే అలవాటు మన ఊళ్ళలో పుట్టలేదు. అది ప్రధానంగా పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో ఊపందుకుంది. దాన్ని సాధ్యం చేసినవాటిలో ముఖ్యమైన వస్తువు ఒక మూతపెట్టిన గాజు పెట్టె.

లండను తూర్పు భాగంలో, రేవుల దగ్గర వెల్‌క్లోజ్ స్క్వేర్ అనే చోట నెథానియల్ బ్యాగ్‌షా వార్డ్ అనే డాక్టరు ఉండేవాడు. ఆయనకి మొక్కల పిచ్చి. పెరట్లో రాళ్ళు పేర్చి ఫెర్న్ మొక్కలు పెంచాలని ఆశ. కానీ చుట్టూ ఫ్యాక్టరీలు, వేల ఇళ్ళలో బొగ్గు పొయ్యిలు. ఆ పొగకి మొక్కలు ఒక్కటీ నిలిచేది కాదు. 1829లో ఆయన ఇంకేదో ప్రయోగం కోసం ఒక చిమ్మట ప్యూపాని తడి మట్టితో పాటు గాజు సీసాలో పెట్టి మూత బిగించాడు. కొన్నాళ్ళకి చూస్తే ఆ మట్టిలోంచి ఓ ఫెర్నూ, ఓ గడ్డి మొక్కా మొలిచాయి. పగలు మట్టిలోంచి ఆవిరైన తడి గాజుకి పట్టి మళ్ళీ మట్టిలోకే జారేది. నీళ్ళు పోయకుండానే అవి దాదాపు నాలుగేళ్ళు బతికాయి. చివరికి మూత తుప్పు పట్టి వాన నీళ్ళు లోపలికి పోయి చచ్చిపోయాయి.

వార్డ్‌కి విషయం అర్థమైంది. మొక్కల్ని చంపుతున్నది లండను గాలి. ఆ గాలి తగలకుండా కాపాడితే అవి బతుకుతాయి. ఈ వాక్యాన్ని కాస్త గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

1833లో ఆయన అలాంటి రెండు గాజు పెట్టెల్లో మొక్కలు పెట్టి ఓడలో ఆస్ట్రేలియా పంపాడు. క్షేమంగా చేరాయి. 1834లో అవే పెట్టెల నిండా ఆస్ట్రేలియా మొక్కలతో ఓడ వెనక్కి బయల్దేరింది. కేప్ హార్న్ దగ్గర మంచూ, భూమధ్యరేఖ దగ్గర ఎండా దాటుకుని అవీ పచ్చగా లండనులో దిగాయి. అంతకు ముందు దూరదేశాల నుంచి ఓడ ఎక్కిన మొక్కల్లో ఉప్పుగాలికీ, మంచినీళ్ళ కరువుకీ చాలా భాగం దారిలోనే చచ్చేవి. హాక్నీలోని లోడిజెస్ నర్సరీ వాళ్ళ లెక్క ప్రకారం పూర్వం ఇరవైకి పందొమ్మిది పోతే, ఈ పెట్టెలొచ్చాక ఇరవైకి పందొమ్మిది బతికాయట. 1842లో వార్డ్ దీని మీద పుస్తకమే రాశాడు. పెట్టెకి కూడా ఆయన పేరే స్థిరపడింది, వార్డియన్ కేసు అని.

మన భాషలో చెప్పాలంటే అదొక ప్యాకేజింగ్ ఫార్మాటు. అది వచ్చాక ఏ మొక్కనైనా ఏ ఖండానికైనా డెప్లాయ్ చెయ్యొచ్చు. చెయ్యడం మొదలుపెట్టారు కూడా. రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా నుంచి తేయాకు మొక్కల్ని ఈస్టిండియా కంపెనీ కోసం హిమాలయ తోటలకి చేర్చింది ఈ పెట్టెల్లోనే. బ్రెజిల్ రబ్బరు గింజలు 1876లో లండను దగ్గర క్యూ తోటకి చేరి, అక్కడ మొలిచిన మొక్కలు సిలోనుకి వచ్చిందీ ఈ పెట్టెల్లోనే. తోటలూ కూలీలూ సామ్రాజ్యమూ అన్నీ ఆ గాజు వెనకాల ఉన్నాయి. హాల్లో అందం కోసం పెట్టుకునే పామ్ కూడా ఆ ఓడల్లోనే ఎక్కింది.

ఇంకో రెండు సంగతులు కలిసొచ్చాయి. బ్రిటనులో 1746 నుంచి గాజు మీద పన్ను ఉండేది, దాన్ని 1845లో ఎత్తేశారు. ఇనప చట్రాల నిర్మాణం కూడా అప్పటికి బాగా అభివృద్ధి చెందింది. క్యూ తోటలో 1844–48 మధ్య ప్రత్యేకంగా ఈ జాతి చెట్ల కోసమే పామ్ హౌస్ కట్టారు. డెసిమస్ బర్టన్, రిచర్డ్ టర్నర్ దాని నిర్మాతలు. లోపల ఉష్ణమండలపు వేడి ఉండాలి కాబట్టి నేల కింద బొగ్గు బాయిలర్లు పెట్టారు. ఆ పొగని మాత్రం సొరంగం గుండా దూరంగా ఉన్న ఒక గోపురం లాంటి పొగగొట్టానికి పంపించారు. చూశారా, చెట్లున్న చోటికి పొగ రాకూడదని ఎంత ఏర్పాటో!

రాజుగారింట్లో ఉన్నది జమీందారు ఇంట్లోకి, అక్కణ్ణుంచి గుమస్తా ఇంట్లోకి రావడం ఎక్కడైనా ఉన్నదే. విక్టోరియా కాలపు మధ్యతరగతి వాళ్ళు కూడా హాల్లో ఒక పామ్ ఉండాలనుకున్నారు. కానీ ఆ ఇళ్ళు ఎలా ఉండేవి? మందపాటి తెరలు, బొగ్గు పొయ్యి, గ్యాసు దీపాల పొగ, శీతాకాలంలో సగం గదులు చల్లగా. అందులో మామూలు ఉష్ణమండలపు మొక్క పట్టుమని ఒక చలికాలం దాటదు. ఆ చీకటికీ చలికీ తట్టుకున్న పామ్ ఒకటి దొరికింది. దాని పేరు కెంటియా.

కెంటియా సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తం మీద ఒకే ఒక్క చోట. ఆస్ట్రేలియా తూర్పు తీరానికి సుమారు 600 కిలోమీటర్ల దూరంలో ఉన్న లార్డ్ హోవ్ ద్వీపం. పొడవు పదకొండు కిలోమీటర్లు, అంతే. 1788లో బ్రిటిష్ ఓడ ఒకటి చూసేదాకా అక్కడ మనుషులు ఉన్న జాడ లేదు, 1834 నుంచి కొద్ది కుటుంబాలు స్థిరపడ్డాయి. వాళ్ళకీ ఈ చెట్టు మొదట ఇంటి కప్పు ఆకే, మన తాటాకు లాగా. తిమింగలాల వేట ఓడలకి కూరగాయలూ మాంసమూ అమ్ముకుని బతికేవారు. 1870లలో ఆ వేట పడిపోయింది, ఓడలు రావడం తగ్గింది. బతుకుతెరువు పోయింది. అప్పుడు ఈ చెట్టు గింజలు ఆదుకున్నాయి. ఫెర్డినాండ్ వాన్ మ్యూలర్ 1870లో కెంటియా అని పేరు పెట్టి వర్ణించిన ఈ చెట్టుని 1877లో బెకారి హోవియా అనే కొత్త ప్రజాతి కింద పెట్టాడు. శాస్త్రం పేరు మార్చింది గానీ బజారు మార్చలేదు, ఇప్పటికీ కెంటియానే. 1880ల నాటికి గింజలు ఓడలెక్కి యూరపు నర్సరీలకి పోతున్నాయి. కోసేవాళ్ళు కాళ్ళకి పట్టీ వేసుకుని చెట్టెక్కి గెలలు దింపేవారు. మన గీత కార్మికులు కాళ్ళకి బంధం వేసుకున్నట్టే అనుకోండి.

అంటే లండనులో ఎవరింట్లోనో సోఫా పక్కన ఉన్న అలంకారం, పసిఫిక్‌లో ఒక ఊరి మొత్తానికి అన్నం. 1906లో తెరిచిన లండను రిట్జ్ హోటల్లో టీ తాగే హాలు పామ్ కోర్ట్ అనే పేరుతోనే ప్రసిద్ధికెక్కింది. అప్పటికి ఈ ఫ్యాషను ఆ స్థాయికి చేరింది.

తర్వాత 1918 జూన్‌లో మకాంబో అనే ఓడ ఆ ద్వీపం దగ్గర రాళ్ళకి తగిలి ఒడ్డుకెక్కింది. మరమ్మతు చేసేలోపు అందులోని నల్ల ఎలుకలు దిగిపోయాయి. అంతకు ముందు అక్కడ ఆ జాతి ఎలుక లేదు. కొన్నేళ్ళలోనే, ఇంకెక్కడా లేని ఐదు రకాల పక్షులు అంతరించిపోయాయి. పామ్ గింజల్నీ ఎలుకలు తినేశాయి. ఎలుక తోక తెస్తే డబ్బులిచ్చారు, గుడ్లగూబల్ని తెచ్చి వదిలారు, ఏదీ పూర్తిగా పని చెయ్యలేదు. నూట ఒక్క సంవత్సరాల తర్వాత, 2019లో ద్వీపమంతటా ఒకేసారి ఎలుకల నిర్మూలన చేపట్టారు. ఒక్క రాత్రి దిగిన బగ్గుని సరిచెయ్యడానికి వందేళ్ళ తర్వాత రిలీజు. మన ప్రాజెక్టులే నయం :)

ఇక మన అరెకా సంగతి. ముందు పేరు చూడండి. అరెకా అనే మాట మలయాళంలో వక్కకి ఉన్న "అడక్క" అనే మాట పోర్చుగీసు వాళ్ళ నోట్లో పడి తయారైంది. అసలు అరెకా అంటే మన పోక చెట్టు. నేను ఆటోలో తెచ్చింది పోక చెట్టు కాదు. అది మడగాస్కర్ తూర్పు తీరపు మొక్క. 1878లో వెండ్లాండ్ దానికి క్రైసాలిడోకార్పస్ ల్యూటెసెన్స్ అని పేరు పెట్టాడు. 1995లో డిప్సిస్ అన్నారు, 2022లో మళ్ళీ పాత క్రైసాలిడోకార్పస్‌కే వచ్చారు. రోల్‌బ్యాక్ అన్నమాట. ఇప్పుడు ప్రపంచంలో లక్షల హాళ్ళలో ఉన్న ఈ మొక్క తన సొంత అడవిలో మాత్రం తగ్గిపోతోంది. ఐయూసీఎన్ దాన్ని ముప్పుకి చేరువలో ఉన్న జాతుల్లో పెట్టింది. మా కడియం నర్సరీల్లో వరసలు వరసలుగా కనిపించే మొక్కకి పుట్టింట్లో ఇదీ పరిస్థితి.

సరే, నాసా దగ్గరికొద్దాం. 1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికాలో కరెంటు, చమురు ఆదా కోసం భవనాల్ని గాలి చొరబడకుండా కట్టడం మొదలుపెట్టారు. లోపల పనిచేసేవాళ్ళకి తలనొప్పులు, కళ్ళ మంటలు. ప్లైవుడ్, పెయింట్లు, కార్పెట్ల నుంచి వచ్చే ఆవిర్లు బయటికి పోవడం లేదు. అంతరిక్ష కేంద్రంలోనూ అదే సమస్య కాబట్టి నాసాకి ఆసక్తి. బిల్ వోల్వర్టన్ అనే శాస్త్రవేత్త బృందం కొన్ని మొక్కల్ని ఒక్కోటిగా చిన్న మూసిన పెట్టెల్లో పెట్టి, బెంజీను, ఫార్మాల్డిహైడ్ లాంటివి లోపలికి పంపి, ఎంత తగ్గాయో కొలిచింది. 1989లో నివేదిక వచ్చింది. ఆ పరిశోధనలో అమెరికా లాండ్‌స్కేపు కాంట్రాక్టర్ల సంఘం కూడా భాగస్వామి.

పెట్టెలో తగ్గిన మాట నిజమే. కానీ పెట్టె పెట్టే, ఇల్లు ఇల్లే. ఇంట్లోకి తలుపు సందుల్లోంచి, కిటికీల్లోంచి గాలి వచ్చిపోతూ ఉంటుంది. 2019లో కమింగ్స్, వేరింగ్ అనే ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన ఇలాంటి ప్రయోగాలన్నీ కలిపి లెక్క కట్టారు. మామూలు భవనంలో వచ్చిపోయే గాలి చేసే పనికి సమానంగా మొక్కలు చెయ్యాలంటే, చదరపు మీటరుకి 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేలింది. అమ్మ గది పన్నెండు బై పన్నెండు, అంటే పదమూడున్నర చదరపు మీటర్ల లోపు. అతి తక్కువ లెక్కలో 134 కుండీలు. ఎక్కువ లెక్క మీరే వేసుకోండి. నేను పెట్టింది మూడు.

ఇంకో తమాషా. 1989 నివేదికలో పరీక్షించిన పన్నెండు మొక్కల జాబితాలో అరెకా పామ్ లేనే లేదు! అందులో ఉన్న పామ్ వేరే, బాంబూ పామ్ అనే చామెడోరియా. అరెకాకి మొదటి స్థానం వోల్వర్టన్ తర్వాత సొంతంగా రాసిన పుస్తకంలో వచ్చింది. 2009లో ఢిల్లీకి చెందిన కమల్ మీటిల్ టెడ్ వేదిక మీద మనిషికి నాలుగు అరెకాలు అని చెప్పాక అది మన దేశంలో ఇంకా పాకింది. ఫార్వర్డుల్లో అన్నీ కలిసి "నాసా చెప్పింది" అయి కూర్చుంది.

ఇప్పుడు వార్డ్ వాక్యం గుర్తు తెచ్చుకోండి. ఈ కథ మొదలైంది మన గాలి నుంచి మొక్కని కాపాడటానికి చేసిన మూసిన పెట్టెతో. చివరికి ఇంకో మూసిన పెట్టె చూపించి, మన గాలి నుంచి మొక్కే మనల్ని కాపాడుతుందని చెప్పుకున్నాం. పొగ చేసేది మనం, కడగాల్సింది మొక్క. ఎంత హాయి!

ఇక అమ్మ సంగతి. డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్తే ఆయన మందులు మార్చే ముందు ప్రశ్నలు వేశారు. కిటికీలు తెరుస్తారా? గదిలో ధూపం, అగరొత్తులు ఏమైనా వెలిగిస్తారా? దోమలున్నాయా? అమ్మే చెప్పింది. "ఈ మధ్య గదిలో దోమలు ఎక్కువయ్యాయండీ, రోజూ కాయిల్ పెట్టుకుంటున్నా."

మన భాషలో రూట్ కాజ్ అనాలసిస్ ఇదీ. మొక్కలు ఎండిపోకూడదని నేను రోజూ నీళ్ళు పోశాను. నీళ్ళు కుండీ కింద ప్లేట్లలో నిలిచాయి. అందులో దోమలు పుట్టాయి. దోమలకి అమ్మ కాయిల్ వెలిగించింది. కిటికీలు నేను మూసేశాను. రాత్రంతా ఆ పొగ అమ్మ పీల్చింది. గాలి బాగుచెయ్యడానికి తెచ్చిన ఆరు కుండీలతో అమ్మ గదిని విక్టోరియా కాలపు లండను చేశాను. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. "నువ్వు నా కోసమేగా తెచ్చావు" అంది. తిట్టినా బావుండేది.

ప్లేట్లు తీసేశాం, కాయిల్ మానేసి దోమతెర కట్టాం, రోడ్డు ఖాళీగా ఉండే తెల్లవారుజామున కిటికీలు తెరిచాం, డాక్టరుగారు చెప్పినట్టు ఇన్‌హేలరు సరిగ్గా వాడటం నేర్చుకున్నాం. రెండు వారాల్లో అమ్మ రాత్రిళ్ళు పడుకుంది.

మరి మొక్కలు పారెయ్యాలా? అక్కర్లేదు. అవి చెయ్యని పని చెయ్యమనకుండా, వాటి పుట్టింటిని గుర్తుపెట్టుకుని పెంచితే చాలు. చీకటి మూలకి తట్టుకున్నది కెంటియా, అరెకా కాదు. అరెకాకి మంచి వెలుతురు కావాలి, నడినెత్తిన ఎండ అక్కర్లేదు. తూర్పు బాల్కనీ తలుపు దగ్గర చక్కగా ఉంటుంది. నీరు నిలవని మట్టిలో, ఇసుక కలిపి పెట్టాలి. పైమట్టి వేలితో చూసి పొడిగా ఉంటేనే నీళ్ళు. ఆకు కొసలు గోధుమరంగుకి తిరగడానికి ఒక కారణం నీళ్ళలోని ఉప్పులు. ఆర్వో మెషీను వదిలేసే నీళ్ళు ఆదా అని కుండీల్లో పోసేవాళ్ళు మనలో చాలామంది. అందులో ఉప్పులు ఇంకా ఎక్కువ, ఆ నీళ్ళు బాత్రూము కడుక్కోవడానికి వాడండి. వానాకాలంలో కుండీని ఓ రోజు వానలో పెడితే పేరుకున్న ఉప్పు కడుక్కుపోతుంది. ఏసీ గాలి సూటిగా తగలకూడదు. ఆకుల మీద దుమ్ము తడి గుడ్డతో తుడవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది అమ్మ చెప్పింది. "పొడుగైందని పైన కత్తిరించకు. కొబ్బరికైనా దీనికైనా మొవ్వే ప్రాణం. కొమ్ము పురుగు మొవ్వు తొలిస్తే చెట్టు పోయినట్టే." నిజమే, ఈ కుటుంబంలో ఒక్కో కాండానికి పెరిగే చోటు సాధారణంగా ఒక్కటే. అరెకా గుంపుగా పెరుగుతుంది కాబట్టి ఒకటి పోయినా పక్కది ఉంటుంది గానీ, కోసిన కాండం మళ్ళీ చిగురించదు.

నాలుగు కుండీలు ఆఫీసులో వాళ్ళకి ఇచ్చేశా, నాసా పేరెత్తకుండా. రెండు బాల్కనీ దగ్గర ఉన్నాయి. అమ్మ ఊరెళ్ళిపోయింది. ఫోను చేసినప్పుడల్లా అడుగుతుంది, "నీ తాటి చుట్టాలు ఎలా ఉన్నాయిరా?" అని. కొత్త ఆకు విప్పుతున్నాయి. గాలి ఏం శుభ్రం చెయ్యట్లేదు. బావున్నాయి.